అప్పులకు మూతపడి మళ్లీ లేచిన క్లబ్బులు: మాంచెస్టర్‌లో మకాం, నాలుగు గ్రౌండ్లు

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ చూద్దామని వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది ఓల్డ్ ట్రాఫోర్డ్, ఎతిహాద్ చుట్టేసి, దుకాణంలో జెర్సీ కొనుక్కుని వచ్చేస్తారు. అదే మాంచెస్టర్‌లో మకాం పెట్టుకుంటే ఇంకో రకం యాత్ర కూడా కుదురుతుంది. అప్పులపాలై మూతపడి, కొత్త పేరుతోనో కొత్త కంపెనీగానో మళ్లీ మొదలైన నాలుగు క్లబ్బులు దగ్గర్లోనే ఉన్నాయి: బెరీ, మాక్ల్స్‌ఫీల్డ్, చెస్టర్, యాక్రింగ్టన్ స్టాన్లీ. అన్నిటికీ రైలో ట్రామో ఉంది, కారు అక్కర్లేదు.

వెళ్లేముందు ఒక్క విషయం తెలిసి ఉండాలి. కాగితాల మీద ఇవి పాత క్లబ్బులు కావు. పాత కంపెనీ అప్పులు పాత కంపెనీతోనే పోతాయి, అందుకే కొత్తదాన్ని లీగుల నిచ్చెనలో చాలా మెట్లు కింద మొదలుపెట్టిస్తారు. పేరు, రంగులు, జనం ఎలాగోలా తిరిగొస్తారు. గ్రౌండ్ తిరిగొచ్చిందా లేదా అన్నదాన్ని బట్టే ఆ ఊళ్లో మనకు ఏం దొరుకుతుందో తేలుతుంది.

ఒక్కటే చూసే వీలుంటే బెరీకే వెళ్లాలి. 1885లో పుట్టిన క్లబ్, 1900లోనూ 1903లోనూ ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ) గెలిచింది. 1903 ఫైనల్లో డర్బీ కౌంటీని 6-0తో ఓడించిన రికార్డును 2019 మేలో గానీ మాంచెస్టర్ సిటీ సమం చేయలేకపోయింది. అదే ఏడాది ఆగస్టు 27న బెరీని ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ (ప్రీమియర్ లీగ్ ఒకటో స్థాయి అయితే దాని కింది మూడు స్థాయులు) నుంచి బహిష్కరించారు. యజమానులు గ్రౌండ్ మీద అప్పులు తెచ్చారు, కార్ పార్కులో స్థలాలను విడివిడిగా పెట్టుబడిదారులకు అమ్మారు. ఇల్లు తాకట్టు పెట్టి పెళ్లి ఘనంగా చేసినట్టయింది వ్యవహారం. అభిమానులు బెరీ ఏఎఫ్‌సీ పేరుతో పదో స్థాయి నుంచి మొదలుపెట్టి పక్కనే ఉన్న రాడ్‌క్లిఫ్ గ్రౌండ్‌లో ఆడారు. ఈలోగా ఇంకో అభిమాన వర్గం పాత గ్రౌండ్ గిగ్ లేన్‌ను కొనిపించింది. ఒకే ఊళ్లో గ్రౌండ్ ఒకరిదీ జట్టు ఇంకొకరిదీ అయింది. రెండింటినీ కలపాలని పెట్టిన మొదటి ఓటింగ్ వీగిపోయింది, 2023లో రెండోది నెగ్గింది. ఆ సీజన్ నుంచి బెరీ ఎఫ్‌సీ పేరు గిగ్ లేన్‌కు తిరిగొచ్చింది. 2025లో ఎనిమిదో స్థాయికి ఎక్కేదాకా, తొమ్మిదో స్థాయి ఆటకు మూడు వేలమంది రావడం ఇక్కడే చూశాం.

బెరీకి మెట్రోలింక్ ట్రామ్ మాంచెస్టర్ విక్టోరియా స్టేషన్ నుంచి అరగంటలోపే. ఎక్కేటప్పుడు స్టాప్‌లోని యంత్రానికి కార్డు తాకించాలి, దిగాక కూడా అదే కార్డు తాకించాలి. వెళ్లేటప్పుడు ఫోను, వచ్చేటప్పుడు ప్లాస్టిక్ కార్డు వాడితే రెండూ ఒకే బ్యాంకు ఖాతావైనా యంత్రానికి వేర్వేరు మనుషులే, రెండు ఛార్జీలూ కలిపి రోజు గరిష్ఠ పరిమితి లెక్కించదు. తాకించడం మరిచిపోతే పూర్తికాని ప్రయాణం కింద ఎక్కువ కోస్తారు. బెరీ ఇంటర్‌చేంజ్ నుంచి మాంచెస్టర్ రోడ్డు పట్టుకుని దక్షిణంగా మైలు దూరం, ఇరవై నిమిషాల నడక. శనివారం మూడు గంటల ఆటకు పదకొండింటికే చేరితే ముందు బెరీ మార్కెట్ చూడొచ్చు. పూర్తి మార్కెట్ బుధ, శుక్ర, శనివారాల్లోనే. ఆ ఊరు బ్లాక్ పుడ్డింగ్‌కు ప్రసిద్ధి, అది పంది రక్తంతో చేసేది, తెలియక నోట్లో పెట్టుకోకండి. శాకాహారులు చీజ్ అండ్ ఆనియన్ పై అడగాలి, లాంకషైర్ గ్రౌండ్లలో దాదాపు అంతటా ఉంటుంది. అయితే హాఫ్ టైమ్ దాకా ఆగితే అదే ముందు అయిపోతుంది.

మాక్ల్స్‌ఫీల్డ్ కథ వేరు. పాత మాక్ల్స్‌ఫీల్డ్ టౌన్‌ను 2020 సెప్టెంబరులో హైకోర్టు మూసేయించింది. స్టేడియం ఇళ్లు అమ్మే రైట్‌మూవ్‌ సైట్‌లోకి అమ్మకానికి వచ్చింది, స్థానిక వ్యాపారి ఒకరు కొన్నారు. అంటే మొదటి రోజు నుంచే గ్రౌండ్ చేతిలో ఉంది. తొమ్మిదో స్థాయిలో 2021లో మొదలైన జట్టు నాలుగు సీజన్లలో ఆరో స్థాయికి వచ్చింది. మాస్ రోజ్ అనే ఆ గ్రౌండ్‌లో పచ్చిక తీసేసి కృత్రిమ మైదానం వేశారు. గడ్డి మైదానం వారానికి ఒకటి రెండు ఆటలకే తట్టుకుంటుంది, ఇది రోజంతా అద్దెకిచ్చినా తట్టుకుంటుంది, క్లబ్‌కు డబ్బు అలా వస్తుంది. యాత్రికుడికి లాభం ఇంకోటి: డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వానకు నీళ్లు నిలిచి మిగతా గ్రౌండ్లలో ఆటలు వాయిదా పడుతుంటే ఇక్కడ ఆట జరిగే అవకాశం ఎక్కువ. గడ్డకట్టే చలి మాత్రం దీన్నీ ఆపేస్తుంది. మాంచెస్టర్ పికడిలీ స్టేషన్ నుంచి రైలు అరగంటలోపు, స్టేషన్ నుంచి లండన్ రోడ్డు మీద మైలుకు పైనే నడక. ఊళ్లో రాత్రి ఉండాల్సిన అవసరం లేదు.

చెస్టర్‌లో ఉండొచ్చు. రోమన్ గోడల మీద ఊరంతా చుట్టి రావచ్చు, ఆట లేకపోయినా రోజు వృథా కాదు. చెస్టర్ సిటీని 2010 మార్చి 10న మూసేయించిన పిటిషన్‌లో పన్ను బాకీ 26,125 పౌండ్లు మాత్రమే. మొత్తం అప్పు అంతకన్నా చాలా పెద్దదే అయినా, చివరి దెబ్బ కొట్టింది ఆ కాస్త మొత్తం. కొత్త చెస్టర్ ఎఫ్‌సీ అభిమానుల సొంతం. ఎనిమిదో స్థాయిలో మొదలై వరసగా మూడు ప్రమోషన్లతో 2013కి ఐదో స్థాయికి చేరింది, తర్వాత ఒక మెట్టు దిగింది. క్లబ్ గ్రౌండ్ డీవా స్టేడియం మైదానం వేల్స్‌లో, ఆఫీసు ఇంగ్లండ్‌లో ఉంటాయి. 2022 జనవరిలో వేల్స్ కోవిడ్ నిబంధనలు ఈ క్లబ్‌కు వర్తిస్తాయా అని పెద్ద రగడే అయింది. ఇబ్బంది దూరం: స్టేషన్ ఊరికి తూర్పున, గ్రౌండ్ పడమటి పారిశ్రామిక వాడలో, దాదాపు రెండు మైళ్లు. చుట్టుపక్కల తినడానికి పెద్దగా ఏమీ ఉండదు, ఊళ్లోనే తిని బయలుదేరాలి. రూడీ రేస్‌కోర్సులో గుర్రప్పందాలున్న రోజుల్లో, ముఖ్యంగా మేలో, హోటల్ ధరలు నెత్తికెక్కుతాయి. సీజన్ ఆగస్టు నుంచి ఏప్రిల్ చివరి దాకా కాబట్టి ఆ తాకిడి తప్పించుకోవడం కష్టం కాదు.

యాక్రింగ్టన్ స్టాన్లీ వీటన్నిటికీ పెద్దన్న. 1962 మార్చిలో సీజన్ మధ్యలో లీగ్‌కు రాజీనామా ఉత్తరం పంపి, వెనక్కి తీసుకుంటామంటే లీగ్ ఒప్పుకోలేదు. ఆడిన ఆటల ఫలితాలన్నీ కొట్టేశారు. 1966లో పాత క్లబ్ పూర్తిగా మూతపడింది, 1968లో కొత్తది క్రౌన్ గ్రౌండ్‌లో మొదలైంది. లీగ్‌లోకి తిరిగొచ్చింది 2006లో. 1962లో వీళ్ల చోటు దక్కించుకున్న ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్ సరిగ్గా ఆ 2006లోనే లీగ్ నుంచి కిందికి పోయింది. విక్టోరియా నుంచి గంటకో రైలు, ప్రయాణం సుమారు గంట, స్టేషన్ నుంచి మైలు ఎక్కుడు దారి. బయటి జట్టు అభిమానుల టెర్రస్‌కు (నిలబడి ఆట చూసే మెట్లు) పైకప్పు లేదు. అక్కడ టికెట్ తీసుకుంటే గొడుగు నమ్ముకోకండి, వెనకవాళ్లు ఊరుకోరు, రెయిన్‌కోటే వేసుకోవాలి. లీగ్ టూ (నాలుగో స్థాయి) ఆట కాబట్టి టికెట్ 20 పౌండ్లు దాటుతుంది, బెరీలో దాదాపు సగమే. ఇంకో తేడా కూడా ఉంది: 1985 చట్టం ప్రకారం లీగ్ ఆటల్లో మైదానం కనబడేచోట బీరు తాగకూడదు, బెరీ స్థాయిలో ఆ నిషేధం వర్తించదు.

బస విషయంలో విక్టోరియా దగ్గర ఉంటే బెరీ, యాక్రింగ్టన్ సుళువు; పికడిలీ దగ్గర ఉంటే మాక్ల్స్‌ఫీల్డ్ సుళువు; చెస్టర్‌కు రెండు చోట్ల నుంచీ దారి ఉంది. అయితే విక్టోరియా స్టేషన్ నెత్తిమీదే ఏఓ అరీనా ఉంది. కచేరీ రాత్రుల్లో గది ధరలు రెట్టింపయ్యాయంటే ఆశ్చర్యపోనక్కర్లేదు, ముందు అరీనా కార్యక్రమాల పట్టిక చూసుకోవాలి. గది రద్దు చేసుకునే వీలున్న ధరకే తీసుకోండి. ఎఫ్‌ఏ కప్, ఎఫ్‌ఏ ట్రోఫీల్లో జట్టు ముందుకెళ్తే ఆ శనివారం లీగ్ ఆట ఏ మంగళవారం రాత్రికో మారుతుంది. ఇదే కారణంగా ఒకే రైలుకు కట్టుబడే అడ్వాన్స్ టికెట్ ఆటల ప్రయాణానికి పనికిరాదు. వాన పడ్డ శనివారం పొద్దున మైదానం తనిఖీ అయ్యాక క్లబ్ ప్రకటన చూసి బయలుదేరాలి.

ఇంకా రోజులుంటే గ్రౌండ్ పోగొట్టుకున్నవాళ్లనూ చూడొచ్చు, తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డార్లింగ్టన్‌కు 2003లో కట్టిన 25,000 సీట్ల అరీనా ఇప్పుడు రగ్బీ వాళ్లది. కొత్త ఫుట్‌బాల్ క్లబ్ బ్లాక్‌వెల్ మెడోస్‌లో ఆడుతుంది. 2017లో ఐదో స్థానంలో నిలిచినా అక్కడ చాలినన్ని సీట్లు లేవని పై స్థాయికి చేర్చే ప్లేఆఫ్ ఆడనివ్వలేదు. స్కార్‌బరో అయితే 2007లో మూతపడ్డాక కొత్త క్లబ్ పదేళ్లు బ్రిడ్లింగ్టన్‌లో ఆడింది, పాత గ్రౌండ్ ఉన్నచోట ఇప్పుడు లిడిల్ సూపర్‌మార్కెట్ ఉంది. ఈ రెంటికీ మాంచెస్టర్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి రావడం శనివారం మధ్యాహ్నపు ఆటకైతే కుదురుతుంది. మంగళవారం రాత్రి ఏడూ ముప్పావు ఆటకైతే తిరుగు రైలు దొరకదు, అక్కడే గది తీసుకోవాలి.