తేమను బట్టి తిరిగే బాత్రూమ్ ఫ్యాన్: మూడేళ్లు అద్దె ఇళ్లలో వాడాక

తేమ సెన్సర్ ఉన్న నాలుగంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ బాత్రూమ్ బూజుకు నిజంగానే పనిచేస్తుంది. కాకపోతే పనితనం సగం ఫ్యాన్‌ది, మిగతా సగం దాన్ని బిగించిన తీరుదీ సెట్టింగుదీ.

కొనేముందు చెమ్మ ఎక్కడిదో తేల్చుకోండి. గోడను పొడిగుడ్డతో తుడిచి, జానెడు అల్యూమినియం ఫాయిల్ ముక్కను గాలి చొరకుండా నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. గది వైపు చెమరిస్తే గాలిలోని తేమే చల్లటి గోడ మీద నీరవుతోందని అర్థం. దానికి ఈ ఫ్యాన్ సరైన మందు. గోడ వైపు తడిస్తే పైపు కారుతోంది, లేదా బయట పగులుంది, లేదా పునాది నుంచి ఊట ఎక్కుతోంది. అలాంటి చోట ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా దండగే.

చిన్న బాత్రూముకు గంటకు 54 ఘనపు మీటర్ల గాలి లాగితే చాలు. అయితే గొట్టం పొడవైనా, మెలికలు తిరిగినా పెట్టె మీద రాసినంత రాదు, అందుకే 90 పైన ఉన్నది తీసుకోవడం మేలు. ముడతల గొట్టం వద్దు. అది కుంగిన చోట ఆవిరి నీరై నిలుస్తుంది, కొన్నాళ్లకు గ్రిల్‌లోంచి చుక్కలు పడతాయి. అద్దెకున్నవాళ్లు పైకప్పు కారుతోందనుకుంటారు. గట్టి పీవీసీ గొట్టం వేసి, బయటి వైపు కాస్త వాలు ఇవ్వండి. తలుపు కింద 10 మిల్లీమీటర్ల సందు లేకపోతే లోపలికి గాలి రాదు, ఇక ఫ్యాన్ లాగేదేముంది?

ఎక్కువ తిప్పలు పెట్టేది, గాలిలో తేమ ఎంత శాతం దాటితే ఫ్యాన్ మొదలవ్వాలో చెప్పే సెట్టింగే. 60 శాతం దగ్గర పెడితే వానాకాలంలో బయటి గాలే అంతకన్నా తడిగా ఉంటుంది కాబట్టి ఫ్యాన్ రాత్రింబగళ్లు తిరుగుతుంది. ఆ మోత భరించలేక ఎవరైనా స్విచ్ కట్టేస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. మామూలు రోజుల్లో 70, వానల్లో 80 సరిపోతుంది. తేమ ఒక్కసారిగా పెరిగినప్పుడే మొదలై, స్నానం అయ్యాక 15 నిమిషాలు తిరిగి ఆగే మోడళ్లు ఇంకా నయం. మళ్లీ కొనాల్సి వస్తే అవే కొనాలి.

సెన్సర్ మీద దుమ్ము పేరుకున్న కొద్దీ లెక్క తప్పుతుంది. దాన్ని సరిచూడాలంటే ముందు చేతిలోని తేమ మీటరు నిజం చెబుతోందో లేదో చూసుకోవాలి. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేలా కొన్ని చుక్కల నీళ్లు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు. దాన్నీ మీటరునూ జిప్ కవరులో మూసి పది గంటలు ఉంచితే 75 శాతం చూపాలి. 70 చూపితే ప్రతిసారీ 5 కలుపుకోండి. తర్వాత మీటరును ఫ్యాన్ పక్కన పెట్టి, ఎంత శాతం దగ్గర తిరగడం మొదలవుతోందో చూస్తే తేడా తెలిసిపోతుంది.

పాత బూజు మీద నేరుగా రంగు వేయకండి. ముందు శుభ్రం చేసి, ఫ్యాన్ పెట్టాక గోడ పూర్తిగా ఆరనివ్వండి. తొందరపడితే కొత్త రంగు బుడగలెత్తి పొరలు పొరలుగా ఊడుతుంది.

ఈ ఫ్యాన్ పడకగదిని కాపాడదు. అక్కడ లోపల బట్టలు ఆరేస్తే, బయటి గోడకు బీరువా ఆనించి పెడితే బూజు వస్తుంది. బీరువాకూ గోడకూ మధ్య కనీసం 5 సెంటీమీటర్లు వదలాలి.

ఆరు నెలలకోసారి, ఇంట్లో అద్దెకున్నవాళ్లు మారినప్పుడల్లా కరెంటు ఆపి ఫ్యాన్ కవరు తీయండి. బ్లేడ్లను తుడిచి, ఫ్యాన్ ఆగినప్పుడు బయటి గాలి లోపలికి రాకుండా మూసుకునే బయటి రెక్క తేలిగ్గా కదులుతోందో వేలితో చూడండి. సబ్బు ఆవిరి, దుమ్ము కలిసి జిగురై ఆ రెక్కను మూసి పట్టేస్తాయి. అప్పుడు ఫ్యాన్ మోగుతూనే ఉంటుంది, గాలి మాత్రం కదలదు. కవరు మళ్లీ బిగించి, ఫ్యాన్ తిరుగుతుండగా గ్రిల్‌కు పల్చటి టిష్యూ కాగితం ఆనించండి. చెయ్యి తీసినా అది అతుక్కునే ఉండాలి.