ట్రాక్ మీద స్టెబిలిటీ కంట్రోల్: ఐదేళ్లు వాడాక నా మాట

తమ్ముడి వరసయ్యే కుర్రాడొకడు ఈమధ్యే స్పోర్ట్స్ కారు కొన్నాడు. "అన్నా, ట్రాక్ మీదికెళ్తే స్టెబిలిటీ కంట్రోల్ ఆఫ్ చేసేయాలంట కదా?" అని ఫోన్ చేశాడు. బండి అదుపు తప్పి జారకుండా తనంతట తనే సరిచేసే సిస్టమ్ గురించే అతను అడిగింది. ఫోన్లో చెప్పింది సరిపోలేదనిపించి ఇది రాస్తున్నాను.

నా బండి 2017 బీఎమ్‌డబ్ల్యూ ఎం2. 365 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్, పవరంతా వెనక చక్రాలకే. ఐదేళ్లుగా ఏడాదికి ఆరేడు ట్రాక్ డేలు, అంటే సొంత బండిని రేస్ ట్రాక్ మీద నడిపే రోజులు, చేస్తున్నాను. అందులో ఎక్కువ భాగం కాలిఫోర్నియాలోని లగూనా సెకాలోనే. ఈ బండిలో స్టెబిలిటీ కంట్రోల్‌కి మూడు దశలున్నాయి. స్టార్ట్ చేయగానే డీఎస్‌సీ (స్టెబిలిటీ కంట్రోల్‌కి బీఎమ్‌డబ్ల్యూ పెట్టిన పేరు) పూర్తిగా ఆన్‌లో ఉంటుంది. బటన్ ఒకసారి నొక్కితే ఎం డైనమిక్ మోడ్ వస్తుంది, అంటే కొంచెం జారనిచ్చి ఆ తర్వాత పట్టుకుంటుంది. బటన్ నొక్కి పట్టుకుంటే మొత్తం ఆఫ్, బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ మాత్రం ఉంటుంది.

మొదటి ఏడాదంతా పూర్తిగా ఆన్‌లోనే నడిపాను. చాలా స్మూత్‌గా నడుపుతున్నాననే నమ్మకంతో ఉన్నాను. ఏడాది చివర బ్రేక్ ప్యాడ్లు చూస్తే ముందువి ఇంకా సగం ఉన్నాయి, వెనకవి దాదాపు అయిపోయాయి. వాటిలోనూ ఎడమవైపుది మరీ పల్చగా, గోరు మందాన మిగిలింది. బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందుకే వస్తుంది కదా, వెనకవి ముందు అరగడమేంటి?

తీరిగ్గా ఆలోచిస్తే లెక్క దొరికింది. ఈ సిస్టమ్ స్టీరింగ్ ఎంత తిప్పామో ఒక సెన్సర్‌తో, బండి నిజంగా ఎంత తిరుగుతోందో ఇంకో సెన్సర్‌తో చూసుకుంటుంది. రెండూ కలవకపోతే ఏదో ఒక చక్రానికి తనే బ్రేక్ వేస్తుంది. ముందు చక్రాలు తిరగకుండా నేరుగా పోతుంటే మలుపు లోపలివైపు వెనక చక్రానికి వేస్తుంది. వెనక భాగం బయటికి జారుతుంటే బయటివైపు ముందు చక్రానికి వేస్తుంది. మలుపులోంచి బయటికొస్తూ గ్యాస్ (యాక్సిలరేటర్) ఎక్కువ ఇస్తే, ఊరికే తిరిగే లోపలి చక్రాన్నీ బ్రేక్‌తోనే ఆపుతుంది. లగూనా సెకాలో ఎడమ మలుపులే ఎక్కువ. అంటే నా ఎడమ వెనక ప్యాడ్ మీద నా తప్పులన్నీ రాసున్నాయి. స్టీరింగ్ అతిగా తిప్పడం, గ్యాస్ తొందరగా తొక్కడం. నేను స్మూత్ అనుకున్నది బండి చేసిన పని.

ఆ తర్వాత మూడేళ్లు డైనమిక్ మోడ్. నా దృష్టిలో ట్రాక్‌కి సరైన సెట్టింగ్ ఇదే. పక్క సీట్లో కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ ల్యాప్ టైమ్ చూడొద్దని, సిస్టమ్ కలగజేసుకున్నప్పుడల్లా డ్యాష్‌బోర్డులో వెలిగే పసుపు ల్యాంప్ ఎన్నిసార్లు మిణుకుమందో లెక్కపెట్టమని చెప్పాడు. నాకు దొరికిన సలహాల్లో అంత విలువైనది ఇంకోటి లేదు. మొదట్లో ల్యాప్‌కి ఐదారుసార్లు వెలిగేది. ఆఖరి మలుపు, పదకొండోది, రెండో గేర్‌లో తిరిగి స్ట్రెయిట్ ఎక్కే చోట తప్పకుండా వెలిగేది. స్టీరింగ్ వదులుతున్న కొద్దీ అంతే మెల్లగా గ్యాస్ ఇవ్వడం కాలికి అలవాటయ్యేసరికి ఏడాది పట్టింది. ల్యాంప్ వెలగని ల్యాప్‌లే నా వేగమైన ల్యాప్‌లు కూడా. జారే టైరు బండిని ముందుకు తొయ్యలేదు కదా.

ఇది ఆదుకోలేని చోటు కూడా చెప్పాలి. కార్క్‌స్క్రూ అనే ఎనిమిదో మలుపు దగ్గర ఎత్తెక్కి బ్రేక్ వేసేటప్పుడు ముందు రోడ్డు కనిపించదు, ఆకాశమే. అక్కణ్నుంచి ఐదారంతస్తుల లోతుకి దిగిపోతాం. ఒకసారి బ్రేక్ ఆలస్యమై, అన్నీ ఆన్‌లో ఉండగానే నేరుగా మట్టిలోకి వెళ్లాను. టైరుకి పట్టే లేనప్పుడు ఏ చక్రానికి బ్రేక్ వేసినా బండి తిరగదు. ఉన్న పట్టును పంచడమే ఇది చేయగలిగేది.

మొత్తం ఆఫ్ చేయడం నాలుగో ఏడాది తర్వాతే. ఒక ఫిబ్రవరి పొద్దున, పొగమంచు ఇంకా విడవలేదు, టైర్లు చల్లగా ఉన్నాయి. మొదటి ల్యాప్‌లోనే అదే పదకొండో మలుపులో, స్టీరింగ్ పూర్తిగా నిటారు కాకముందే కాలు కొంచెం బరువెక్కింది. స్టీరింగ్ ఎదురు తిప్పేలోపే బండి గిర్రున తిరిగి, వచ్చిన దారికేసి చూస్తూ ఆగింది. దేనికీ తగల్లేదు గానీ చేతులు వణకడం తగ్గడానికి ఆ సెషనంతా పట్టింది. డైనమిక్ మోడ్‌లో ఉంటే ల్యాంప్ ఒకసారి వెలిగి ఊరుకునేది.

అప్పట్నుంచి రోజులో మొదటి సెషన్ ఎప్పుడూ డైనమిక్ మోడ్‌లోనే. వాన పడితే పూర్తిగా ఆన్. టైర్లు వేడెక్కి, రెండు సెషన్లు ల్యాంప్ వెలగకుండా గడిస్తేనే ఆఫ్, అదీ పొడి ట్రాక్ మీదే. సాయంత్రం ఒళ్లు అలిసిపోతే మళ్లీ డైనమిక్ మోడ్‌కి. వెనక ప్యాడ్లు ఇప్పుడు ముందువాటికంటే ఎక్కువ కాలం వస్తున్నాయి.

కుర్రాడు వచ్చే నెల నాతో లగూనా సెకా వస్తున్నాడు. మొదటి రోజు ఆ బటన్ ముట్టుకోనని మాటిచ్చాడు. బయల్దేరేముందు అతని ప్యాడ్ల మందం కొలిచి రాసి పెట్టుకుంటాను.