థింక్‌ప్యాడ్ టీ480: క్యాంపస్ అంతా మోసిన సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్

క్యాంపస్‌లో తిప్పుకోవడానికి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ వెతికేవాళ్లు ముందు ప్రాసెసర్ ఏదని అడుగుతారు, తర్వాత ర్యామ్ ఎంతని. బ్యాటరీ సంగతి డబ్బులు ఇచ్చేశాక గుర్తొస్తుంది. ఈ వరుస తలకిందులు కావాలంటాను నేను. వాడిన లాప్‌టాప్‌లో ముందు అరిగిపోయేది బ్యాటరీ. ఆ తర్వాత కీబోర్డు, ఛార్జింగ్ పోర్టు, హింజులు. ప్రాసెసర్ మాత్రం ఎన్నేళ్లయినా తన పని తాను చేస్తూనే ఉంటుంది. అందుకే అరిగే వాటిని మన చేత్తో మనమే మార్చుకోగలిగే మెషీన్ కొనాలి. నేను లెనోవో థింక్‌ప్యాడ్ టీ480 తీసుకున్నది ఈ ఒక్క కారణంతోనే. హెచ్‌సీయూలో ఎంసీఏ చదివినన్నాళ్లూ దీన్నే మోశాను. ఉద్యోగంలో చేరాక కూడా ఇంటి దగ్గర పనికి ఇదే వాడుతున్నాను.

ఇది 2018లో వచ్చిన మోడల్. 14 అంగుళాల స్క్రీన్, ఎక్కువ వాటిలో ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్. నాది ఐ5-8350యూ, నాలుగు కోర్లు. అంతకుముందు తరం వరకు ఈ తరహా లాప్‌టాప్‌లలో వచ్చిన ఐ5కి రెండే కోర్లు ఉండేవి. పాత లాప్‌టాప్ కొనేవాళ్లకు ఎనిమిదో తరం అనే గీత ముఖ్యం కావడానికి ఇంకో కారణం కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ విండోస్ 11కి ఇచ్చిన ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా దాదాపుగా ఇక్కడి నుంచే మొదలవుతుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఏడో తరం మెషీన్ రెండు మూడు వేలు తక్కువకు వస్తోందని ఆశపడితే, విండోస్ వాడేవాళ్లకు ఆ మిగులు తలనొప్పిగా మారుతుంది. లినక్స్ వాడేవాళ్లకు ఆ బెంగ లేదు.

ఇలాంటివి మార్కెట్లోకి ఎక్కువగా పెద్ద కంపెనీల నుంచే వస్తాయి. మూడు నాలుగేళ్లు వాడాక, లీజు గడువు అయిపోయాక లాట్లు లాట్లుగా బయటికి పంపేస్తారు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్తే అవే కనిపిస్తాయి. నేను కొన్నదీ అక్కడే. అప్పుడు 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీతో ఇరవై వేలు దాటలేదు. ధరలు నెల నెలా మారుతుంటాయి కాబట్టి ఆ అంకెను పట్టుకుని బేరానికి దిగొద్దు. రెండు మూడు షాపులు తిరిగితే ఆ రోజు రేటు ఏమిటో తెలిసిపోతుంది.

పేరు విషయంలో మాత్రం జాగ్రత్త. టీ480 అడిగితే షాపులో నా చేతికి టీ480ఎస్ ఇచ్చారు. "రెండూ ఒకటే తమ్మీ, ఇది ఇంకా సన్నగ ఉంటది, తీస్కపో" అన్నాడాయన. సన్నగా ఉన్న మాట నిజమే, బరువూ తక్కువే. కానీ దానికి బయటి నుంచి ఊడదీసే బ్యాటరీ లేదు, ర్యామ్‌లో కొంత భాగం మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది. తర్వాత వచ్చిన టీ490 కూడా అంతే. ఎక్స్280లో అయితే ర్యామ్ మొత్తం బోర్డు మీదే, పెంచుకునే దారే లేదు. మామూలు టీ480లో రెండు ర్యామ్ స్లాట్లూ ఖాళీ చేసి మనకు కావలసింది వేసుకోవచ్చు. ఎన్విడియా ఎంఎక్స్150 గ్రాఫిక్స్ ఉన్న టీ480లు కూడా దొరుకుతాయి. రోజూ మోసేవాళ్లకు అది వద్దు. వేడి, బ్యాటరీ ఖర్చు పెరుగుతాయి. దాంతో వచ్చే లాభం ఈ రోజుల్లో చెప్పుకోదగ్గది కాదు.

ఇక షాపులో చూడాల్సినవి. అన్నిటికంటే ముందు మెషీన్ ఆన్ చేసి, లోగో రాగానే ఎఫ్1 నొక్కి బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల పేజీలోకి వెళ్లాలి. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే ఆ లాప్‌టాప్‌ను అక్కడే పెట్టేసి రండి. థింక్‌ప్యాడ్లలో ఈ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ పీకి పెడితే పోయేది కాదు. తెలియకపోతే మదర్‌బోర్డు మార్చుకోవాలన్నది కంపెనీ మాట. బయాస్ తెరుచుకుంటే సెక్యూరిటీ మెనూలో కంప్యూట్రేస్ అనే లైను చూడండి, అది మెషీన్ ఎక్కడుందో కంపెనీకి చెప్పే ఏర్పాటు. అది యాక్టివేట్ అయి ఉంటే పాత కంపెనీ ఆ మెషీన్‌ను ఇంకా వదల్లేదని అనుమానించాలి. ఇంకొకటి చాలామందికి తెలియదు. విండోస్‌ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసి, సెటప్ మధ్యలో ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి చూడాలి. కంపెనీ రికార్డుల్లో ఆ మెషీన్ ఇంకా ఉంటే, మీ అకౌంట్ అడగాల్సిన చోట ఎవరిదో కంపెనీ పేరుతో లాగిన్ పేజీ వస్తుంది. షాపువాళ్లు ఇన్‌స్టాల్ చేసి ఇచ్చిన విండోస్‌లో ఇది బయటపడకపోవచ్చు. రేపు మీరు ఫార్మాట్ కొట్టినప్పుడే తెలుస్తుంది. ఈ పరీక్షకు అరగంట పట్టినా సరే, కూర్చుని చేయించుకోండి. టీ తాగుతూ చూడొచ్చు, మొహమాటం అక్కర్లేదు.

తర్వాత బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీ రిపోర్ట్ కమాండ్ (powercfg /batteryreport) ఇస్తే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది కొత్తలో ఎంత పట్టేదో చెబుతుంది, రెండోది ఇప్పుడు ఎంత పడుతోందో. టీ480లో రెండు బ్యాటరీలు కాబట్టి రెండింటికీ విడివిడిగా కనిపిస్తాయి. లోపలిది ఎలా ఉందన్నదే ఎక్కువ పట్టించుకోండి, ఎందుకంటే బయటిది మార్చడం క్షణాల్లో పని. కీబోర్డులో ప్రతి కీ నొక్కి చూడాలి. స్క్రీన్ మీద తెల్లటి పేజీ పెట్టి మచ్చలున్నాయేమో చూడాలి. రెండు యూఎస్‌బీ-సీ పోర్టుల్లోనూ ఛార్జర్ పెట్టి చూడాలి.

ఈ చివరి మాటకు బలమైన కారణముంది. టీ480 తరం థింక్‌ప్యాడ్లలో యూఎస్‌బీ-సీ పోర్టును నడిపే థండర్‌బోల్ట్ చిప్ ఫర్మ్‌వేర్‌లో, అంటే చిప్ లోపలి సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం ఉండేది. పాత ఫర్మ్‌వేర్‌తో చాలాకాలం నడిస్తే యూఎస్‌బీ-సీ పోర్టు సరిగా పనిచేయకపోవడం, ఛార్జింగ్ ఎక్కకపోవడం, కొన్నిట్లో హెచ్‌డీఎంఐ బొమ్మ రాకపోవడం జరిగేది. లెనోవో దీనికి అప్‌డేట్ ఇచ్చింది. కొన్న రోజే ఛార్జర్ పెట్టి ఆ అప్‌డేట్ చేసేయండి, మిగతావన్నీ తర్వాత. ఇప్పటికే పాడైపోయిన మెషీన్ అయితే షాపులోనే తేలిపోవాలి, అందుకే రెండు పోర్టులూ చూడమన్నది.

ఇంత జాగ్రత్తపడి కొన్నాక ఈ మెషీన్ నాకు ఇచ్చినది ఒక్క ముక్కలో చెప్పాలంటే, ప్లగ్గు కోసం వెతుక్కోని రోజులు. లోపల 24 వాట్ అవర్ల (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) బ్యాటరీ బిగించి ఉంటుంది. వెనక మనం ఊడదీసి పెట్టుకునేది ఇంకొకటి. అది 24, 48, 72 వాట్ అవర్లలో దొరుకుతుంది. నా మెషీన్‌తో వచ్చినది చిన్నది, అదీ నీరసించినది. దాన్ని స్పేర్‌గా ఉంచుకుని 72ది కొత్తది కొన్నాను. వాడినప్పుడు ముందు వెనకది ఖర్చవుతుంది, లోపలిది చివరిదాకా ఆగుతుంది. వెనకది అయిపోయినప్పుడు లాప్‌టాప్‌ను ఆఫ్ చేయక్కర్లేదు. మూత వేసి, బోర్లా తిప్పి, అడుగున ఉన్న రెండు గొళ్లేలు జరిపి, పాతది లాగేసి కొత్తది నొక్కితే టక్కుమంటుంది. మూత తెరిస్తే రాస్తున్న ప్రోగ్రాం రాస్తున్న చోటే ఉంటుంది. ప్రాజెక్ట్ రివ్యూల రోజుల్లో పొద్దున క్లాసులు, మధ్యాహ్నం ల్యాబు, సాయంత్రం లైబ్రరీ అన్నీ కలిపి ఛార్జర్ రూమ్‌లోనే వదిలేసి గడిపేవాణ్ణి. పరీక్షల ముందు ప్లగ్గు పక్క సీటు కోసం ఏ లైబ్రరీలోనైనా పోటీ ఉంటుంది. ఆ పోటీలో నేను లేకపోవడం ఎంత హాయో వాడితేనే తెలుస్తుంది.

రెండు జాగ్రత్తలు. బయట దొరికే బ్యాటరీల్లో నకిలీలు బోలెడు. పైన 72 అని రాసి ఉన్నా లోపల అంత ఉండదు. పెట్టగానే ఇందాకటి రిపోర్ట్ తీసి చూసుకుని, తేడా ఉంటే వాపసు ఇచ్చేయాలి. రెండోది, లెనోవో వాంటేజ్ అనే ప్రోగ్రాంలో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంది. హాస్టల్లో రాత్రంతా ప్లగ్గులో ఉంచేవాళ్లు అది పెట్టుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది. పొద్దున్నే బయటికి పోయే రోజు మాత్రం తీసేసి నిండా ఎక్కించుకోవచ్చు. లినక్స్‌లో ఇదే పని టీఎల్‌పీ అనే ప్రోగ్రాం చేస్తుంది.

ఛార్జర్ యూఎస్‌బీ-సీ కావడం క్యాంపస్‌లో పెద్ద సుఖం. స్నేహితుల మధ్య ఒక 65 వాట్ల పీడీ (పవర్ డెలివరీ) ఛార్జర్ ఉంటే అందరికీ సరిపోతుంది. అయితే ఫోన్ డబ్బాలో వచ్చే ఫాస్ట్ ఛార్జర్లన్నీ పనిచేయవు. పీడీ పద్ధతిలో 20 వోల్టులు ఇచ్చేది కావాలి. ఛార్జర్ మీద సన్నటి అక్షరాల్లో ఆ అంకె ఉందో లేదో చూసుకోండి.

బరువు గురించి దాచి చెప్పను. చిన్న బ్యాటరీతో కిలోన్నర పైచిలుకు, పెద్ద బ్యాటరీతో ఇంకా ఎక్కువ. పెద్దది పెడితే అడుగున ఉబ్బెత్తుగా ఉంటుంది, సన్నని స్లీవ్‌లో పట్టదు. ఆ ఎత్తు వల్ల బల్ల మీద పెట్టినప్పుడు కీబోర్డు కాస్త వాలుగా వచ్చి టైపింగ్‌కు బాగానే ఉంటుంది, గాలీ ఆడుతుంది. హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంట్‌కు సైకిల్ మీద పోయేటప్పుడు బ్యాగు వీపుకు బిగుతుగా ఉంటే ఈ బరువు తెలియదు. ఒంటి భుజం బ్యాగుతో నడిచేవాళ్లకు మాత్రం సాయంత్రానికి భుజం లాగుతుంది. బరువే మీకు ముఖ్యమైతే డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 చూడండి. ఇదే ఎనిమిదో తరం ప్రాసెసర్లు, రెండేసి ర్యామ్ స్లాట్లు, కిలోన్నర లోపు బరువు. బ్యాటరీ మార్చాలంటే వెనక మూత విప్పాలి, అంతే తేడా.

కీబోర్డును ఎంత మెచ్చుకున్నా తక్కువే. కీలు లోతుగా దిగుతాయి, వేలికి నొక్కిన సంగతి తెలుస్తుంది. క్లాసులో చెప్పేది వింటూ, స్క్రీన్ చూడకుండా నోట్స్ కొట్టేవాణ్ణి. కొన్ని నెలలకు ఈ, ఎ, స్పేస్ కీలు నున్నగా మెరవడం మొదలైంది గానీ ఒక్కటీ మొరాయించలేదు. ఎప్పుడైనా పోయినా కీబోర్డు ఒక్కటే విడిగా దొరుకుతుంది, స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చినవాళ్లు సొంతంగా మార్చుకోవచ్చు. హింజులు 180 డిగ్రీలు తెరుచుకుంటాయి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని కోడ్ చూసుకోవడానికి స్క్రీన్‌ను బల్ల మీద పరిచేసేవాళ్లం. సెమినార్ రోజు హెచ్‌డీఎంఐ వైరు నేరుగా పెట్టేయొచ్చు, సన్నని లాప్‌టాప్‌లు తెచ్చినవాళ్లలా అడాప్టర్ కోసం తిరగక్కర్లేదు. లాన్ పోర్టు, ఎస్‌డీ కార్డు స్లాటు కూడా ఉన్నాయి.

అసలు లోపం స్క్రీన్. ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు మారని రకం) ప్యానెలే అయినా వెలుగు 250 నిట్లే, అంటే తక్కువే, రంగులు వెలిసిపోయినట్టుంటాయి. గదిలో చదువుకు ఇబ్బంది లేదు. చెట్టు కింద కూర్చుంటే, ఎండ నేరుగా పడకపోయినా కళ్లు చికిలించాల్సిందే. ఫొటో ఎడిటింగ్, డిజైన్ చేసేవాళ్లకు ఇది సరిపోదు. ఇంకా దారుణమైన ప్యానెల్ ఒకటుంది, 1366 బై 768 రిజల్యూషన్‌తో టీఎన్ అనే చవక రకం. తక్కువ రేటుకు చూపించే టీ480ల్లో ఎక్కువగా అదే ఉంటుంది. కొనేముందు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1920 బై 1080 కనిపిస్తేనే మాట్లాడండి. స్పీకర్లూ అంతంతమాత్రమే, ఇయర్‌ఫోన్స్ ఉంటాయి కాబట్టి నేను పట్టించుకోలేదు.

పని విషయానికొస్తే, 8 జీబీతో జావా, పైథాన్, బ్రౌజర్‌లో పదిహేను ట్యాబులు నడిచేవి. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ తెరిస్తే మూలిగేది. ఇంకో 8 జీబీ స్టిక్ తెచ్చి నేనే వేశాను. బయాస్‌లో ముందు లోపలి బ్యాటరీని డిజేబుల్ చేసి, వెనకది తీసేసి, అడుగున స్క్రూలు వదులు చేస్తే మూత వస్తుంది. స్క్రూలు మూతకే అంటిపెట్టుకుని ఉంటాయి, కిందపడి పోవు. మూత తీసినప్పుడే ఫ్యాను చూశాను, రెక్కల మధ్య బూడిదరంగు దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. పాత ఆఫీసు దుమ్మంతా అక్కడే. పెయింట్ బ్రష్‌తో శుభ్రం చేశాక వేడి బాగా తగ్గింది, ఫ్యాను రొదా తగ్గింది. పాత లాప్‌టాప్ ఏది కొన్నా ఈ పని మొదటి వారంలోనే చేయండి. మెషీన్ లెర్నింగ్ మోడళ్లు దీని మీద ట్రైన్ చేయాలని చూడకండి, అందుకు ఆన్‌లైన్‌లో గూగుల్ కోలాబ్ ఉంది. గేమ్స్ ఆడాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు.

"అన్నా, షాపులో ఏమని అడగాలి?" అని జూనియర్లు అడిగితే నేను చెప్పేది ఇది. టీ480, ఎస్ లేనిది. ఐ5-8250యూ అయినా 8350యూ అయినా ఒకటే, ఐ7 కోసం ఎక్కువ పెట్టొద్దు. ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ స్క్రీన్, ఇంటెల్ గ్రాఫిక్స్, బయాస్ పాస్‌వర్డ్ లేనిది. మూత మీద గీతలున్నా పర్లేదు, బి గ్రేడ్ అని రేటు తగ్గిస్తే అదే తీసుకోండి. రంగు వేసి కొత్తదానిలా మెరిసేలా చేసినది వద్దు, కింద పగుళ్లు దాచి ఉండొచ్చు. ర్యామ్ 8 జీబీ ఒక్క స్టిక్‌లో ఉందా రెండు నాలుగుల్లో ఉందా అడగండి, ఒక్కటైతే రెండో స్లాటు ఖాళీగా దొరుకుతుంది. ఎస్ఎస్‌డీ ఆరోగ్యం క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో చూడండి. మిగిలిన డబ్బులో ముందు వెనక బ్యాటరీ, తర్వాతే ర్యామ్.