గ్రాఫిక్స్ కార్డుకి ఏ పేస్టు మేలు: దోసెల పిండా, గారెల పిండా?

భీమవరంలో మాది పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే చిన్న షాపు. మాఘమాసం వచ్చిందంటే జ్యేష్ఠం దాకా రెండు సిస్టములు రాత్రిళ్ళు కూడా రెండరింగులోనే, అంటే ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తయారుచేసే పనిలోనే ఉంటాయి. చిప్పు వేడిని పైనున్న కూలర్‌కి దాటించడానికి రెంటి మధ్యా రాసేదే థర్మల్ పేస్టు. అది వేడిని ఎంత బాగా దాటిస్తుందో చెప్పేది ట్యూబు మీది వాట్ల అంకె. ఆ మధ్య ఒక గ్రాఫిక్స్ కార్డుకి, ఆ అంకె పెద్దదిగా ఉందని మురిసిపోయి ఖరీదైన పేస్టు రాశాను. మొదటి వారం చల్లగానే ఉంది. నాలుగో నెలకి హాట్‌స్పాట్, అంటే చిప్పులో అన్నిటికన్నా వేడిగా ఉండే చోటు, 100 డిగ్రీలు దాటి ఫ్యాన్లు ఒకటే గోల. విప్పి చూస్తే చిప్పు మధ్యలో పేస్టే లేదండి, అంచులకి చేరి గట్టు కట్టింది.

ప్రాసెసర్‌కైతే నెత్తిన లోహపు మూత ఉంటుంది. గ్రాఫిక్స్ చిప్పుకి మామూలుగా అది ఉండదు, కూలర్ నేరుగా సిలికాన్ మీద కూర్చుంటుంది. వేడికి రాగి సిలికాన్ కన్నా దాదాపు 6 రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. రెండర్ మొదలైనప్పుడు సాగి, ఆగినప్పుడు ముడుచుకునే ఆ కదలికే మధ్యనున్న పేస్టును కొంచెం కొంచెంగా బయటికి నెడుతుంది. మా కరెంటు కోతలు ఈ సాగడం ముడుచుకోవడాలను ఇంకా పెంచుతాయి. దోసెల పిండిలా జారే పేస్టు తొందరగా జరిగిపోతుంది, గారెల పిండిలా గట్టిగా ఉన్నది నిలబడుతుంది. అందుకే ఆర్క్‌టిక్ వాళ్ళ పేస్టుల్లో ఎంఎక్స్-4 కన్నా చిక్కగా ఉండే ఎంఎక్స్-6 ఈ పనికి నయం.

పేస్టుకి బదులు కొందరు వాడే ద్రవ లోహం, అదే లిక్విడ్ మెటల్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను: వద్దు. థర్మల్ గ్రిజ్లీ వాళ్ళ లిక్విడ్ మెటల్ కండక్టోనాట్‌కి కంపెనీ 73 వాట్ల అంకె చెబుతుంది, నిజమే. కానీ అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది. పైగా అది కరెంటును పారనిచ్చే లోహం, పక్కనున్న కెపాసిటర్ల మీద బొట్టు పడితే కార్డు పోయినట్టే. సోనీ ప్లేస్టేషన్ 5లో వాడిందంటే, అది ఫ్యాక్టరీలో చుట్టూ సీలు వేసి చేసిన పని.

ఇప్పుడు నేను వాడుతున్నది హనీవెల్ పీటీఎం 7950. పేస్టు కాదు, పల్చటి రేకు. చెప్పే అంకె 8.5 వాట్లే. సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందులన్నీ నింపుకుంటుంది, చల్లారాక మళ్ళీ గట్టిపడుతుంది. బయటికి జారడం చాలా తక్కువ. నాలుగైదుసార్లు బాగా వేడెక్కి చల్లారేదాకా దాని పనితనం బయటపడదు కాబట్టి మొదటి రోజే పెదవి విరవకండి. ఖరీదు ఎక్కువే, నకిలీలూ ఉన్నాయి.

ఏది వేసినా గది వేడిని మాత్రం తప్పించుకోలేం. 25 డిగ్రీల గదిలో 70 దగ్గర నిలిచే చిప్పు, ఫ్యాను వేగం అదే అయితే, 40 డిగ్రీల మధ్యాహ్నం దాదాపు 85కి చేరుతుంది. చూడాల్సింది చిప్పు ఉష్ణోగ్రతకీ హాట్‌స్పాట్‌కీ మధ్య తేడా. అది నెలనెలా పెరుగుతోందంటే పేస్టు జారుతోందన్నమాట. మెమరీ చిప్పుల వేడిని కూలర్‌కి చేర్చే మెత్తటి ప్యాడ్లు మార్చాలంటే పాతవాటి మందం కొలిచే కొనండి. అర మిల్లీమీటరు మందం ఎక్కువైతే కూలర్ చిప్పుకి సరిగా ఆనదు.

ఇక పీటీఎం రేకు మన ఎండల్లో పైపొర నుంచి ఊడి రాదు, వేలికి అంటుకుంటుంది. పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే చక్కగా వస్తుంది. పెరుగు గిన్నె పక్కన కంప్యూటర్ సామాను ఏంటని ఇంట్లో అడిగితే జవాబు మీరే చూసుకోండి.