తమియా 1/24 బీటిల్ కిట్: సగం కారు పెట్టెలో, మిగతా సగం ఆటోనగర్‌లో

1966 నాటి ఫోక్స్‌వాగన్ 1300 బీటిల్‌ను 1/24 నిష్పత్తిలో కట్టుకోవడానికి జపాన్‌కు చెందిన తమియా సంస్థ ఇచ్చే ప్లాస్టిక్ కిట్‌ను, విజయవాడలో ఉండి కట్టదలచినవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. కిట్ మంచిదా కాదా అన్న ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు. ముక్కలు ఎక్కడ కూర్చోవాలో అక్కడ పొందికగా కూర్చుంటాయి, సూచనల కాగితం భాషతో పని లేకుండా బొమ్మలతోనే దారి చూపిస్తుంది. అయితే పెట్టె మూత మీద నిగనిగలాడే కారు తయారు కావడానికి అవసరమైనవాటిలో సగమే ఆ పెట్టెలో ఉంటాయి. జిగురు, ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత), రంగు, వార్నిష్, వాటిని సరిగా ఆరనిచ్చే వాతావరణం కొన్నవారే సమకూర్చుకోవాలి. ఈ పనిలో ఆనందమైనా విసుగైనా పుట్టేది అక్కడే కనుక, సమీక్షలో ఎక్కువ భాగం వాటికే కేటాయిస్తున్నాను.

అసలు బీటిల్ పొడవు దాదాపు 4.07 మీటర్లు, దాన్ని 24తో భాగిస్తే మన బల్ల మీది కారు సుమారు 17 సెంటీమీటర్లు ఉంటుంది. అసలు కారులోని అడుగు ఇక్కడ అర అంగుళమవుతుంది. అమెరికన్ కిట్లు చాలావరకు 1/25 నిష్పత్తిలో వస్తాయి కానీ, రెండింటినీ ఒకే బీరువాలో పెడితే తేడా పట్టగలిగిన కళ్లు తక్కువ. భాగాలన్నీ స్ప్రూ అనే ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని, ప్రతి చట్రానికీ ఒక అక్షరం, ప్రతి ముక్కకూ ఒక అంకెతో వస్తాయి. అద్దాల ముక్కలకు పారదర్శకమైన చట్రం, బంపర్ల వంటివాటికి క్రోమ్ పూత పూసిన చట్రం వేరుగా ఉంటాయి. 1946లో షిజువొకాలో కర్రకోత వ్యాపారంగా మొదలై, కర్ర నమూనాల మీదుగా 1960లో ప్లాస్టిక్‌లోకి వచ్చిన ఈ సంస్థ పనితనం ఎలాంటిదో తెలియాలంటే జిగురు పూయకుండానే రెండు ముక్కల్ని కలిపి చూస్తే చాలు.

ధర విషయం క్లుప్తంగా చెప్పి ముందుకు సాగుతాను. మన కస్టమ్స్ పట్టికలో స్కేల్ మోడళ్లు, పిల్లల బొమ్మలు ఒకే శీర్షిక కింద ఉంటాయి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు కూడా తప్పనిసరి అయింది. స్వదేశీ బొమ్మల పరిశ్రమను కాపాడడానికి తీసుకున్న ఆ నిర్ణయాల తాకిడి పెద్దవాళ్లు కట్టుకునే ఈ కిట్ల మీద కూడా పడింది. అందుకే బీసెంట్ రోడ్డులో బొమ్మల దుకాణాలన్నీ తిరిగి వెతకడం కంటే, హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాల హాబీ దుకాణాల నుంచి తెప్పించుకోవడమే మేలు.

ఇక జిగురు. మనకు దగ్గరలోని కొండపల్లిలో బొమ్మల భాగాలను అతకడానికి చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. అది రెండు కర్ర ముక్కల మధ్య నిలిచి పట్టుకుంటుంది, సందుల్ని కూడా పూడుస్తుంది. పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఇలాంటి కిట్లకు వాడే, సిమెంట్ అని పిలిచే పలుచని జిగురు అలా పనిచేయదు. అది రెండు అంచుల ప్లాస్టిక్‌నూ కరిగించి ఒకదానిలో ఒకటి కలిపేసి, తాను ఆవిరైపోతుంది. ముక్కల్ని ముందే కలిపి పట్టుకుని అతుకు దగ్గర కుంచెను తాకిస్తే చాలు, ద్రవం తనంతట తానే సందు పొడవునా పాకుతుంది. ఈ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. అయితే రంగు పూసిన చోట, క్రోమ్ ఉన్న చోట అది ప్లాస్టిక్‌ను చేరుకోలేదు కనుక, అతికే ముందు ఆ పూతను బ్లేడుతో గీకెయ్యాలి. అద్దాల దగ్గర ఫెవిక్విక్ వాడకూడదు. దాని ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద తెల్లని పొగలా పేరుకుంటుంది. దానికి బదులు ప్రతి ఇంట్లో ఉండే ఫెవికాల్‌ను అగ్గిపుల్ల కొనతో చుక్కలుగా పెడితే, ఆరాక ఆనవాలు లేకుండా పోతుంది. ఎక్కువైనా తడి గుడ్డతో తుడిచేయవచ్చు.

బాడీని రంగుకు సిద్ధం చేయడం ఈ పనిలోకెల్లా ఓర్పును పరీక్షించే దశ. ఎంత మంచి అచ్చు అయినా దాని భాగాలు కలిసిన చోట వెంట్రుక మందపు గీత మిగులుతుంది. బీటిల్ వంటి గుండ్రని కారు మీద అది రంగు వేసే వరకు కనిపించదు, వేశాక దాచినా దాగదు. 600 నంబరు వాటర్ పేపర్‌ను, అంటే తడిపి రుద్దే గరుకు కాగితాన్ని, నీళ్లలో తడిపి మొదలుపెట్టి, 1000 మీదుగా 1500 వరకు వెళ్లాలి. దాని తరువాత బూడిద రంగు ప్రైమర్ పలుచగా కొట్టి చూస్తే మిగిలిన లోపాలన్నీ బయటపడతాయి. అక్కడ లప్పం పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ అరగదీయాలి. ఈ శ్రమను తప్పించుకునే ఉపాయం చెప్పేవారి మాట నమ్మవద్దు.

తలుపుల చుట్టూ ఉండే సన్నని గాడుల విషయంలో ఒక చిన్న లెక్క ఉపయోగపడుతుంది. నిజమైన కారు తలుపు పక్కన నాలుగు మిల్లీమీటర్ల సందు ఉందనుకుంటే, 1/24లో అది మిల్లీమీటరులో ఆరో వంతు. నిజమైన కారు మీది రంగు పొరలన్నీ కలిపి సుమారు 0.1 మిల్లీమీటరు మందం ఉంటాయి. అదే మందాన్ని మనం నమూనా మీద వేస్తే, నిజమైన కారు మీద 2.4 మిల్లీమీటర్ల రంగు పులిమినట్టే లెక్క. గాడి రెండు గోడల మీదా అంత రంగు చేరితే ఇంకేముంది, తలుపు కాస్తా బాడీలో కలిసిపోతుంది. కాబట్టి ప్రైమర్‌కు ముందే గాడులను సూదిమొన పరికరంతో కొంచెం లోతు చేసుకోవాలి, రంగును మాత్రం పలుచని పొరలుగా వేయాలి.

రంగు ఎక్కడ దొరుకుతుందన్నది మన ఊరి ప్రశ్న. సూచనల కాగితం తమియా సొంత రంగులను సంఖ్యలతో సూచిస్తుంది. వాటిలో టీఎస్ వరుస స్ప్రే డబ్బాలు ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లు ఉంటాయి, ప్లాస్టిక్ కోసమే తయారైనవి కనుక వాటిని మించినవి లేవు. కానీ అవి మండే స్వభావమున్న పీడన డబ్బాలు కాబట్టి సాధారణ విమాన పార్సిళ్లలో రావు. రోడ్డు మార్గాన రావాలి, అవీ దొరికినప్పుడే. ఈ ఇబ్బందికి విరుగుడు ఆటోనగర్‌లో ఉంది. లారీల బాడీలు కట్టే, కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే ఆ పేటలో, రంగు కోడ్ చెబితే తూకం యంత్రం మీద గ్రాముల లెక్కన కలిపి ఇచ్చే దుకాణాలున్నాయి. నేను వెళ్లే దుకాణం పేరు ఇక్కడ రాయను కానీ, వారి సేవ గురించి మాత్రం చెబుతాను. 17 సెంటీమీటర్ల కారు కోసం రంగు అడిగితే మొదట నవ్వారు. ఆ నవ్వు అయ్యాక, పాత నమూనాను చూపించగానే, లారీ యజమానికి చూపే శ్రద్ధే చూపించి, వెలుతురులోకి తీసుకువెళ్లి మరీ ఛాయ సరిచూశారు. వారు కలిపే కనీస పరిమాణం మన అవసరానికి చాలా ఎక్కువ. అయినా మొత్తం ఖర్చు స్ప్రే డబ్బా కంటే తక్కువే. రద్దీ సమయంలో వెళితే గంటల తరబడి నిలబడాల్సి వస్తుందన్నది ఒక్కటే నా ఫిర్యాదు.

ఆ రంగును వాడడంలో జాగ్రత్తలు మాత్రం తప్పవు. కార్ల రంగుల్లో కలిపే థిన్నర్ ఇనుప రేకు కోసం ఉద్దేశించినది. పాలిస్టైరీన్ మీద నేరుగా తడితడిగా పడితే ప్లాస్టిక్ పైపొర కరిగి, బీటలు వారిన చెరువు మట్టిలా తయారవుతుంది. మధ్యలో ప్రైమర్ అడ్డుగా ఉండాలి, మొదటి రెండు పొరలూ మంచు తుంపరలా పలుచగా పడాలి, ఒక్కొక్కటీ ఆరేవరకు ఆగాలి. మెటాలిక్ రంగులు మరో చిక్కు తెస్తాయి. అసలు కారు మీద మెరుపులా కనిపించే అల్యూమినియం రేణువులు తమ పరిమాణం తగ్గించుకోవు కాబట్టి 1/24 నమూనా మీద అవి చమ్కీ పొడి చల్లినట్టు కనిపిస్తాయి. అరవయ్యో దశకపు బీటిళ్లు ఎక్కువగా సాదా రంగుల్లోనే వచ్చేవి. ఆటోనగర్ రంగుతో కట్టేవారికి ఈ కారును సిఫారసు చేయడానికి నాకున్న ముఖ్యమైన కారణం అదే. హార్డెనర్ కలిపి వాడే టూకే వార్నిష్ అద్దంలాంటి మెరుపునిస్తుంది, నిజమే. కానీ అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హానికరం. ఆవిరిని ఆపే ఫిల్టర్ మాస్కు, ధారాళంగా గాలి ఆడే చోటు లేకుండా అపార్ట్‌మెంట్ బాల్కనీలో దాని జోలికి వెళ్లకూడదు. పక్క ఫ్లాటు వారితో స్నేహం నిలవాలన్నా ఇదే సలహా.

బెజవాడ వాతావరణం ఈ పనికి అనుకూలించే నెలలు కొద్దిగానే ఉంటాయి. మే నెల ఎండలో తుంపర బాడీని చేరేలోపే సగం ఆరిపోయి, ఉపరితలం గరుకుగా, నారింజ తొక్క మాదిరిగా తేలుతుంది. వానాకాలంలో చిక్కు మరో రకంగా వస్తుంది. థిన్నర్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద చేరి వార్నిష్ పాలిపోయినట్టు తెల్లబడుతుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ అడిగి తీసుకుంటే రెండు ఇబ్బందులూ కొంత తగ్గుతాయి, ఆటోనగర్‌లో అది తేలికగా దొరుకుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మంచు విడిచాక, ఉదయం పూట రంగు వేసుకోవడం ఉత్తమం. వేసవిని, వానాకాలాన్ని లోపలి సీట్లకూ చక్రాలకూ కేటాయించుకోవచ్చు. వాటికి వాడే అక్రిలిక్ రంగులు కుంచెతోనే వేసుకోవచ్చు.

నీళ్లలో నానబెట్టి కారు మీదికి జార్చే డెకాల్స్ అనే పలుచని బొమ్మల అంటింపుల గురించి ఒక్క మాట చాలు: బోరు నీళ్లలోని లవణాలు ఆరాక తెల్లని మరకలు మిగులుస్తాయి కాబట్టి ఆర్‌ఓ నీళ్లు వాడాలి. తలుపుల మీదుగా సాగే సన్నని క్రోమ్ పట్టీని వెండి రంగుతో గీసేకంటే, వెనుక జిగురున్న పలుచని లోహపు రేకును అంటించి పక్కలు కోసేస్తే ఎక్కువ నిజంగా ఉంటుంది. ఆ కోత సరిగ్గా కుదిరి, రేకు గీత మీద వెలుతురు పొడవునా సాగిన క్షణం అంతకుముందు పడిన విసుగునంతా మరిపిస్తుంది.

రెండు రోజుల్లో కారు బల్ల మీద ఉండాలనుకునేవారు ఈ కిట్ కొనవద్దు. రంగు, జిగురు అక్కరలేకుండా రంగు ప్లాస్టిక్ ముక్కలతోనే బిగించుకునే అవోషిమా వారి 1/32 స్నాప్ కిట్లు అలాంటివారికి సరిపోతాయి. మన రోడ్ల మీద కూడా కనిపించే సుజుకీ జిమ్నీ ఆ వరుసలో ఉంది. పిల్లలతో కలిసి మొదలుపెట్టేవారికీ నా సలహా అదే. ఒక చలికాలమంతా ఒకే పని మీద కూర్చోగల ఓపిక ఉన్నవారు మాత్రం బీటిల్ తెప్పించుకోవచ్చు. అయితే కిట్ కంటే ముందు చట్రం నుంచి ముక్కల్ని కత్తిరించే మంచి నిప్పర్, వాటర్ పేపర్లు, పలుచని సిమెంట్, ప్రైమర్ కొనుక్కుని, పాడైపోయినా బాధలేని ఒక ప్లాస్టిక్ చెంచా మీద ఆటోనగర్ రంగు, థిన్నర్ ఎలా పడుతున్నాయో చూసుకోవాలి. కిట్‌కు ఐదింటికి నాలుగున్నర, రంగు దుకాణానికి నాలుగు మార్కులు వేస్తాను. రంగు దుకాణానికి తగ్గించిన ఆ ఒక్క మార్కు, శనివారం సాయంత్రం అక్కడ నిలబడవలసి వచ్చే వరుసకు.