కోనసీమ ఇసుక తిన్నెల చాటున గుడారం: ఏళ్ల తరబడి ఉండి చూశాక

కోనసీమ తీరంలో గుడారం వేసుకుని రాత్రి ఉండొచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే. తప్పకుండా ఉండొచ్చు, కానీ పడక నీళ్ల ఎదురుగా కాదు, ఇసుక తిన్నె వెనకాల వేసుకోండి. అలల పక్కన గుడారం ఫొటోలో బాగుంటుంది. నిద్ర మాత్రం తిన్నె చాటునే పడుతుంది.

మేము ఇంటిల్లిపాదీ చాలా ఏళ్లుగా చలికాలంలో ఈ తీరానికి వెళ్తున్నాం. ఎక్కువగా ఓడలరేవు వైపు, అప్పుడప్పుడు అంతర్వేది. నేను చెప్పబోయే చోట టికెట్టు కౌంటరు, కట్టిన గదులు, కరెంటు ప్లగ్గు ఏవీ ఉండవు. ఇసుక, సరుగుడు తోట, సముద్రం, దూరంగా పడవలు. అంతే. నాకు ఇంతకన్నా ఇష్టమైన చోటు లేదు. అయినా లోటుపాట్లు దాచను.

ముందు ఆ నేల గురించి చెప్పాలి, ఎందుకంటే గుడారం ఎక్కడ వేయాలో నేలే చెబుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది. వశిష్ఠ నుంచి విడిపోయిన వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది తెచ్చిన ఇసుకను అల ఒడ్డుకు నెడుతుంది, ఎండిన ఇసుకను గాలి లేపి లోపలికి తెస్తుంది, రావణాసురుడి మీసాలు అనే ముళ్ల గడ్డి, ఊదా పూల తీగ దాన్ని పట్టి ఆపుతాయి. అలా పెరిగిందే తిన్నె. దాని వెనక సరుగుడు తోటలు, ఆ వెనక పర్ర, అంటే ఉప్పునీటి బురద నేల, రొయ్యల చెరువులు, అవి దాటితే కొబ్బరి తోటలు. లోపలి ఊళ్లలో మెరకల మీద కనిపించే ఇసుక కూడా ఒకప్పటి సముద్రపు ఒడ్డే. వేల ఏళ్లుగా నది ఇక్కడ నేలను ముందుకు జరుపుతూ వచ్చింది. ఎగువన ఆనకట్టలు వచ్చాక దిగే ఒండ్రు తగ్గింది, చాలాచోట్ల ఇప్పుడు సముద్రమే ముందుకు వస్తోంది. కాకినాడ దగ్గర ఉప్పాడ రోడ్డు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి పోయిన ఏడాది గుడారం వేసిన చోటు ఈ ఏడాది అలాగే ఉంటుందని అనుకుని వెళ్లకండి. వెళ్లగానే ఒకసారి నడిచి చూసుకోవాలి.

చోటు ఎంచుకోవడానికి నేను మొదట చూసేది పోటు గీత. ఒడ్డున ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు వరసగా పడి ఉంటాయి. సముద్రం కిందటిసారి అక్కడిదాకా వచ్చిందన్నమాట. రోజుకు రెండు పోట్లు, ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య పన్నెండు గంటల పైచిలుకు. రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యం అవుతుంది. పౌర్ణమికి, అమావాస్యకు నీరు ఎక్కువ పైకి వస్తుంది, అష్టమి దరిదాపుల్లో తక్కువ. అందుకే మా ప్రయాణం సెలవులతో పాటు తిథి కూడా చూసుకునే పెట్టుకుంటాం. వెన్నెల కోసం పౌర్ణమికే వెళ్లాలనుకుంటే మరీ మంచిది, గుడారం మాత్రం తిన్నె వెనకాలే ఉండాలి.

రెండోది గాలి. పడవల దగ్గర వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, "రాత్రికి గాలి తిరుగుద్దండి బాబూ, గుమ్మం తోట వైపు పెట్టకండి" అన్నారు. "అలాగే బాబాయ్" అని తిప్పి వేశాం. అప్పటినుంచి ఆ మాటే పాటిస్తున్నాం. మధ్యాహ్నం నేల వేడెక్కి గాలి సముద్రం మీద నుంచి వస్తుంది. రాత్రి నేల తొందరగా చల్లబడి గాలి తోటల వైపు నుంచి నీళ్ల మీదికి పోతుంది. తిన్నె పగటి గాలిని ఆపుతుంది, సరుగుడు తోట రాత్రి గాలిని ఆపుతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న పల్లపు జాగాలో, గుమ్మం సముద్రం వైపు పెట్టి వేస్తే రాత్రంతా గుడ్డ కొట్టుకోదు, ఇసుక లోపలికి రాదు. తోట లోపల మాత్రం వేయకండి. ఎండు సరుగుడు ఆకు పొయ్యి రవ్వకు భగ్గున అంటుకుంటుంది, కొమ్మలు కూడా విరుగుతుంటాయి.

ఇక గుడారం. మాది నలుగురు పట్టే మామూలు డోమ్ గుడారం, ఫైబర్ కర్రలు, పైన వేరే వాన గుడ్డ. దుకాణంలో దాంతో పాటు ఇచ్చే సన్నటి ఇనప మేకులు ఈ ఇసుకలో దేనికీ పనికిరావు. ఒక్క లాగుకే ఊడి వస్తాయి. ఇక్కడ పనికొచ్చేది ఖాళీ బియ్యం సంచి. చిన్న సంచిలో ఇసుక నింపి, సంచి నడుముకు గుడారం తాడు కట్టి, మోకాలి లోతు గొయ్యిలో పాతి, పైన తడి ఇసుక వేసి తొక్కాలి. నాలుగు మూలలా నాలుగు సంచులు ఉంటే ఎంత గాలికైనా బెదరక్కర్లేదు. సంచులు లేకపోతే మూరెడు వెదురు ముక్కకో కొబ్బరి మట్ట ముక్కకో మధ్యలో తాడు కట్టి అడ్డంగా పాతినా ఆగుతుంది. మేకును నిలువుగా దిగ్గొడితే చుట్టూ ఇసుక జారిపోతుంది. అడ్డంగా పాతినదాని మీద ఉన్న ఇసుక బరువంతా దాన్ని పట్టి ఉంచుతుంది.

కింద బరకం పరవడం మరిచిపోవద్దు. అంచులు గుడారం బయటికి రాకుండా లోపలికి మడవాలి. బయటికి ఉంటే మంచు నీళ్లన్నీ దాని మీదుగా గుడారం కిందికి చేరతాయి. డిసెంబరు, జనవరిలో ఈ ఒడ్డున మంచు తక్కువేం కాదు, తెల్లారేసరికి పైగుడ్డ వానలో తడిసినట్టే ఉంటుంది. చలికి భయపడి కిటికీలన్నీ మూసేస్తే మన ఊపిరి తేమ లోపలే నీళ్లయి మీద పడుతుంది. రెండు వైపులా నాలుగు వేళ్ల సందు తెరిచి ఉంచి, దుప్పటి మందంగా కప్పుకోవడమే దారి.

నీళ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే తిన్నె విలువ అక్కడే తెలుస్తుంది. సముద్రానికి అంత దగ్గరలో కూడా తిన్నె వెనక చెలమ తవ్వితే మంచినీరు ఊరుతుంది. వాన నీరు ఇసుకలో ఇంకి, ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి దాని పైన పొరగా నిలుస్తుంది. మరీ లోతుగా తవ్వితే, లేదా ఎక్కువగా తోడేస్తే కింది ఉప్పు పైకి వస్తుంది. ఇసుక ఎత్తుకుపోయి తిన్నె చదునైపోయిన చోట, రొయ్యల చెరువులు ఆనుకుని ఉన్న చోట చెలమ నీళ్లు నోట పెట్టలేనంత ఉప్పగా ఉండడం నేనే చూశాను. ఒకప్పుడు మేం గిన్నెలు కడుక్కున్న చెలమ అది. చాలా బాధేసింది. మేము చెలమ నీళ్లు కాళ్లూ చేతులూ కడగడానికే వాడతాం. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన టిన్నుల్లో ఊళ్లోంచి తెచ్చుకుంటాం.

మరుగుదొడ్డి సంగతి ఆడవాళ్లు ముందే అడుగుతారు, అడగాలి కూడా. అక్కడ ఏమీ ఉండదు. మా ఆవిడ, మా చెల్లెలు పట్టుబట్టి ఒక ఏర్పాటు చేశారు, అప్పటినుంచి అదే పద్ధతి. నిలబడే ఎత్తున్న చిన్న గుడారం ఒకటి వేరేగా తెస్తాం, చెలమకు బాగా దూరంగా వేస్తాం, చిన్న పారతో గొయ్యి తీసి పూడుస్తాం. ఇది కుదరనివాళ్లు దగ్గరి ఊళ్లో ఒక ఇంటివాళ్లతో మాట్లాడుకుని, వాళ్లకు తగినంత డబ్బు ఇచ్చి పొద్దునపూట అక్కడికి వెళ్లిరావచ్చు. పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వస్తుంటే రెండోదే నయం. ఈ ఏర్పాటు లేకుండా కుటుంబంతో మాత్రం వెళ్లకండి.

దోమలు సాయంత్రం ఓ గంట గంటన్నర విపరీతం. పర్ర, చెరువులు పక్కనే కదా. ఆ సమయంలో నీళ్ల అంచున గాలిలో ఉంటాం, చీకటి ముదిరాక గుడారం దగ్గరికి వస్తాం. పాముల భయం ఉంది. చెప్పులు గుడారం లోపలే పెట్టుకోండి, టార్చి లేకుండా తోటలో అడుగు పెట్టకండి. పెద్ద ఆసుపత్రి అంటే అమలాపురం వెళ్లాలి. అందుకే ఎంత ముచ్చటగా ఉన్నా ఒక బండి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటాం. రాత్రి ఉంటున్నామని ఊళ్లో పెద్దవాళ్లకూ దగ్గరి పోలీసు స్టేషనులోనూ చెప్పి ఉంచితే మనకూ వాళ్లకూ టెన్షన్ ఉండదు.

తిండి విషయంలో నాకు ఫిర్యాదే లేదు. పొద్దున్నే పడవలు ఒడ్డుకు వస్తాయి. కానాగంతలు, మాగ, అదృష్టం ఉంటే పండుగప్ప. ఇసుక మీదే బేరం. మట్టి దాకలో చింతపండు పులుసు, కొబ్బరి చిప్పల సెగ మీద నెమ్మదిగా ఉడికితే ఆ రుచి ఇంటి గ్యాసు పొయ్యి మీద రాదు. జనవరిలో తేగలు తెచ్చి బూడిదలో కాలుస్తాం. పొయ్యి తిన్నెకు సముద్రం వైపు, గడ్డి లేని తడి ఇసుకలో పెట్టి, అయ్యాక నీళ్లు పోసి ఆర్పాలి. ఇసుక కప్పి వదిలేస్తే కింద నిప్పు గంటల కొద్దీ ఉంటుంది, పొద్దున ఒట్టి కాళ్లతో పరిగెత్తే పిల్లలకు అది కనపడదు.

ఏ నెలలో వెళ్లాలంటే, డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను ఈ కోనసీమలో ఎన్ని ఇళ్లను, ఎన్ని కొబ్బరి తోటలను, ఎందరు మనుషుల్ని తీసుకుపోయిందో ఇక్కడ ప్రతి ఇంట్లోనూ చెబుతారు. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్నా, హెచ్చరిక లేకుండానే పడవలు పైకి లాగేసి కట్టేసి ఉన్నా వెనక్కి వచ్చేయండి. మార్చి దాటితే పగలు ఇసుక కాలుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, తాజా చేపలకు అప్పుడు వెళ్లి లాభం లేదు.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఇదే ఇసుకలోకి వస్తాయి. ఒక్కో తల్లి వంద దాకా గుడ్లు పెట్టి పూడ్చి వెళ్లిపోతుంది. సుమారు ఏడు వారాలకు పిల్లలు బయటికి వచ్చి, వెలుతురు ఉన్న వైపు నడుస్తాయి. చీకటి ఒడ్డున ఆ వెలుతురు సముద్రమే. మనం ఫ్లడ్ లైటు పెడితే అవి మన వైపు, తోట వైపు వచ్చి చచ్చిపోతాయి. అందుకే ఆ నెలల్లో మేము తెల్ల లైటు అసలు వెలిగించం, టార్చి మీద ఎర్ర జిలుగు కాగితం చుడతాం, అదీ నేల వైపే. స్పీకర్లు, రంగు లైట్లు తెచ్చేవాళ్లతో నేను గొడవపడిన సందర్భాలున్నాయి, ఇకముందూ పడతాను.

వేరే చోట్ల గురించి క్లుప్తంగా చెబుతాను. అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు చూసి తీరాలి. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద గోదావరి దాటి వెళ్లడం పిల్లలకు పెద్ద పండగ. కానీ మాఘమాసంలో రథోత్సవం రోజుల్లో ఇసుక వేస్తే రాలనంత జనం, గుడారం ఆలోచన మానుకోండి. పశ్చిమ గోదావరి తీరంలోని పేరుపాలెం పగటి విహారానికి బాగుంటుంది, కార్తీక ఆదివారాల్లో వనభోజనాల సందడి. రాత్రి ఉండడానికి నాకు నచ్చలేదు. గుడారం వద్దు, గది కావాలనుకుంటే దిండిలో వశిష్ఠ ఒడ్డున పర్యాటక శాఖ రిసార్టు, హౌస్ బోట్లు ఉన్నాయి. కోరింగ అభయారణ్యం, అక్కడి హోప్ ఐలాండ్ పడవ మీద చూసి రావలసినవి. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ రాత్రి ఉండే ఆలోచన పెట్టుకోవద్దు. ఎక్కడైనా సరే నదీ ముఖాల దగ్గర ఈతకు దిగకండి. పోటు తగ్గి నీరు వెనక్కి తీసే వేళ నది ఉరవడి, సముద్రపు లాగుడు కలిసి మంచి ఈతగాణ్ని కూడా లోపలికి తీసుకుపోతాయి.

ఇన్నేళ్లకు మా గుడారం ఎలా ఉందంటే, గుడ్డ నిలిచింది, జిప్పులు నిలవలేదు. ఉప్పుగాలి, సన్న ఇసుక కలిసి జిప్పు పళ్లను పట్టేస్తాయి. పాత టూత్ బ్రష్షుతో దులిపి కొవ్వొత్తి రుద్దితే కొన్నాళ్లు నడుస్తుంది. ఒక ఫైబర్ కర్ర మూతి దగ్గర చీలితే మా వీధికి వచ్చే గొడుగులు బాగుచేసే ఆయన రేకు తొడిగి ఇచ్చాడు, ఇప్పటికీ అదే. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి నీడలో పూర్తిగా ఆరబెట్టి మడవాలి. తడి మడిస్తే మన తేమకు లోపలి పూత జిగటగా మారి పొరలు ఊడుతుంది, ఆ వాసన ఇక పోదు.

బండ్లు ఊరి చివరే వదిలేసి, జనం నడిచిన పాత బాట వెంటే తిన్నె దాటండి. కొత్త దారి చేస్తే అక్కడ గడ్డి చచ్చి, గాలికి గండి పడుతుంది. పిల్లలు తిన్నె మీంచి జారతామని గొడవ చేస్తే ఆపక్కర్లేదు. సముద్రం వైపు, మొక్క లేని వాలు చూపించండి, అక్కడ ఎంతసేపైనా ఆడుకోనివ్వండి.