షిర్డీ నుంచి ట్యాంక్ మ్యూజియానికి: కారు వద్దు, బస్సెక్కండి

షిర్డీలో దర్శనం, గది, భోజనం అన్నీ బాగానే జరిగాయి. గొడవంతా అహ్మద్‌నగర్‌కు (ఇప్పుడు అహిల్యానగర్) మాట్లాడుకున్న కారుతోనే. అక్కడి కావల్రీ ట్యాంక్ మ్యూజియం చూసి రావడానికి రానూపోనూ 3,200, వెయిటింగ్ కూడా అందులోనే అన్నాడు డ్రైవర్. తీరా గేటు దగ్గర దిగాక, గంట దాటితే గంటకు 400 అదనం అన్నాడు. మా ఆవిడకు అక్కడే మూడ్ పాడైపోయింది.

మామయ్య మాత్రం అదేమీ పట్టించుకోలేదు. ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో వెల్డర్‌గా రిటైరయ్యారాయన. సైనికులను మోసుకెళ్లే బీఎంపీ-2 సాయుధ బండ్లు తయారయ్యేది అక్కడే. నేరుగా జపాన్ వాళ్ల హా-గో దగ్గరికెళ్లి నిలబడ్డారు. 1935 నాటి టైప్ 95 లైట్ ట్యాంక్. మేమొచ్చిన ఎర్టిగా అంత పొడవే ఉంటుంది. బరువు 7.4 టన్నులు, లోపల ముగ్గురు.

"రివెట్లు చూశావా బాబూ? దెబ్బ తగిలితే ఇవి ఊడి లోపలివాళ్లకే గుచ్చుకుంటాయి. మేమైతే అంతా వెల్డింగే" అన్నారు.

రేకు మందం ఎక్కువలో ఎక్కువ 12 మిల్లీమీటర్లు. అంతకుముందున్న జపాన్ ట్యాంక్ టైప్ 89 గంటకు 25 కిలోమీటర్లే పోయేది, సైన్యం లారీలను అందుకోలేకపోయేది. అందుకే వేగం కోసం దీన్ని ఇంత తేలిగ్గా చేశారు. చైనాలో జపాన్ వాళ్లకు దీంతో పని జరిగింది. 1944లో ఇంఫాల్ మీదికి ఇవే హా-గోలతో వచ్చారు. ఎదురుగా వచ్చిన బ్రిటిష్ సైన్యం లీ ట్యాంకులకు (అమెరికా తయారీ) ముందువైపు 51 మిల్లీమీటర్ల ఉక్కు, 75 ఎం.ఎం. ఫిరంగి. హా-గో టరెట్‌లో, అంటే పైన తిరిగే ఫిరంగి గూడులో, ఉండేది కమాండర్ ఒక్కడే. చుట్టూ చూడాలి, గుండు ఎక్కించాలి, పేల్చాలి. ఆ కుర్రాళ్లను తలుచుకుంటే బాధేసింది.

అక్కడే షిన్‌హోతో చి-హా అనే ఇంకో జపాన్ ట్యాంక్ కూడా ఉంది. 1939లో మంగోలియా సరిహద్దులోని నోమొన్‌హాన్‌లో సోవియట్ ట్యాంకుల చేతిలో దెబ్బతిన్నాక, పాత 57 ఎం.ఎం. పొట్టి ఫిరంగి తీసేసి కొత్త టరెట్‌లో పొడవాటి 47 ఎం.ఎం. పెట్టారు. దీన్ని తీరిగ్గా చూద్దామనుకునేలోపే డ్రైవర్ ఫోన్ల మీద ఫోన్లు. మామయ్య కదలనన్నారు. ఆయన్ని తొందరపెట్టడం నాకూ ఇష్టం లేకపోయింది.

చివరికి 800 అదనంగా గుంజాడు. తిరుగు దారంతా కారులో ఎవరూ మాట్లాడలేదు.

అదే మ్యూజియంలో కలిసిన నిజామాబాద్ వాళ్లు షిర్డీ నుంచి ఎస్టీ బస్సులో (మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు) వచ్చారు. స్టాండ్ నుంచి ఆటోకు 150 ఇచ్చారట, అంతే. మీరూ అలాగే వెళ్లండి. కంటోన్మెంట్ ఏరియా కాబట్టి ఆధార్ దగ్గర పెట్టుకోండి. సగం రోజు కేటాయించండి. జపాన్ ట్యాంకులు రెండూ ముందే చూసేయండి.